బేస్‌బాల్ చలికాలాన్ని చదవడం ఎలా: ట్రేడ్‌లు, ఫ్రీ ఏజెంట్లు, జట్టు కట్టే లెక్కలు

2023 వేసవిలో టెక్సస్‌లోని మా ఊరు ఫ్రిస్కోలో, రఫ్‌రైడర్స్ అనే డబుల్-ఏ జట్టు (పెద్ద లీగ్‌కి కింది మెట్టులో ఆడే జట్టు) తరఫున ఇవాన్ కార్టర్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడు ఆడుతుండేవాడు. ఇక్కడ ఔట్‌ఫీల్డ్ పక్కనే ఈత కొలను ఉంటుంది. పిల్లలు అందులో తేలుతూ ఆట చూస్తారు. సగం మందికి మైదానంలో ఎవరున్నారో కూడా పట్టదు. ఆ కుర్రాడే అక్టోబర్ చివరికల్లా టెక్సస్ రేంజర్స్ తరఫున వరల్డ్ సిరీస్‌లో, అంటే పెద్ద లీగ్ ఫైనల్లో, మూడో స్థానంలో బ్యాటింగ్‌కి వచ్చాడు. అతని ముందు బ్యాట్ పట్టింది 32.5 కోట్ల డాలర్లు పోసి తెచ్చుకున్న కోరీ సీగర్. వెనక దిగింది అడోలిస్ గార్సియా. రేంజర్స్ గార్సియాని 2019 డిసెంబర్‌లో కార్డినల్స్ దగ్గర్నుంచి కొద్దిపాటి నగదుకి తెచ్చుకున్నారు. 2021 ఫిబ్రవరిలో ముఖ్య జాబితా నుంచి తీసేస్తే 29 జట్లలో ఒక్కటీ అతన్ని తీసుకోలేదు.

కోట్లు పోసి కొన్నవాడు, ఎవరూ వద్దన్నవాడు, సొంత నారుమడిలో పెరిగినవాడు. ఈ ముగ్గురూ ఒక జట్టులోకి వచ్చిందెలాగో తెలియాలంటే ఆట చూస్తే సరిపోదు. ఆట లేని నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా జరిగేది చూడాలి. ఎలా చూడాలో నేను నేర్చుకున్న పద్ధతి ఇక్కడ వరసగా చెబుతాను. దానికి మూలసూత్రం ఒక్కటే: ఏ వార్త వచ్చినా డబ్బు అంకె కన్నా ముందు ఏళ్ళ అంకె చూడండి. ఆటగాడి మీద జట్టుకి ఎన్నేళ్ళ హక్కు ఉంది, అతని వయసెంత, ఆ జట్టు గెలవాలనుకుంటున్నది ఎప్పుడు?

1. ముందు ఐపీఎల్ వేలాన్ని మనసులోంచి తీసేయండి

2023 డిసెంబర్‌లో సన్‌రైజర్స్ ప్యాట్ కమిన్స్‌ని 20.5 కోట్ల రూపాయలకి కొనడం మనం టీవీలో చూశాం. సుత్తి పడితే పని అయిపోతుంది. ప్రతి జట్టుకీ ఒకటే పర్సు. బేస్‌బాల్‌లో వేలమూ లేదు, పర్సూ లేదు. ఫ్రీ ఏజెంట్, అంటే ఏ జట్టు హక్కూ తన మీద లేని ఆటగాడు, తన ఏజెంట్ ద్వారా 30 జట్లతో ఎవరితోనైనా మాట్లాడుకుంటాడు. తనకి నచ్చిన చోట, నచ్చిన రోజున సంతకం పెడతాడు. డబ్బు తక్కువైనా ఇంటికి దగ్గరని వెళ్ళేవాళ్ళూ ఉంటారు.

కానీ ఫ్రీ ఏజెంట్ కాని ఆటగాడి పరిస్థితి వేరు. జట్టు అతన్ని అడగకుండానే ఇంకో జట్టు ఆటగాళ్ళతో మార్చుకుని ఇంకో ఊరికి పంపేయొచ్చు, ట్రేడ్ అంటే అదే. అతని కాంట్రాక్టు కూడా అతనితోపాటే వెళుతుంది. దీన్ని ఎదిరించి కర్ట్ ఫ్లడ్ అనే సెంటర్ ఫీల్డర్ 1969లో ఫిలడెల్ఫియాకి వెళ్ళనన్నాడు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1972లో ఓడిపోయాడు, ఆటజీవితమూ పోగొట్టుకున్నాడు. మూడేళ్ళ తర్వాత, 1975 డిసెంబర్‌లో, మెసర్‌స్మిత్, మెక్‌నాలీ అనే ఇద్దరు పిచ్చర్ల (బంతి వేసేవాళ్ళ) కేసులో మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో ఫ్రీ ఏజెన్సీ వచ్చింది. ఇవాళ ఎవరైనా 70 కోట్ల డాలర్ల కాంట్రాక్టు రాసుకున్నారంటే నాకు ముందు ఫ్లడ్ గుర్తొస్తాడు.

2. చలికాలం క్యాలెండర్ గోడకి తగిలించుకోండి

వరల్డ్ సిరీస్ అయిపోయిన 5 రోజుల తర్వాత ఫ్రీ ఏజెంట్లు కొత్త జట్లతో సంతకాలు చేయొచ్చు. ఆ రోజుల్లోనే పాత జట్టు తన మంచి ఆటగాడికి 'క్వాలిఫయింగ్ ఆఫర్' ఇవ్వొచ్చు. అంటే ఒక్క ఏడాదికి ముందే నిర్ణయమైన జీతం. 2025 చలికాలంలో అది 2 కోట్ల 20 లక్షల 25 వేల డాలర్లు. ఆటగాడు కాదని వేరే జట్టుకి వెళితే పాత జట్టుకి పరిహారంగా డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట) ఒక ఎంపిక దొరకొచ్చు. తీసుకున్న జట్టు తన ఎంపికల్లో కొంత పోగొట్టుకుంటుంది. అందుకే మధ్యస్థాయి ఆటగాడికి ఈ ఆఫర్ ఒక్కోసారి గుదిబండ అవుతుంది.

నవంబర్ మూడో వారంలో 'నాన్-టెండర్' గడువు. దీని గురించి కింద చెబుతాను, తేలిగ్గా తీసుకోకండి. డిసెంబర్ మొదట్లో వింటర్ మీటింగ్స్. 30 జట్ల పెద్దలూ ఒకే హోటల్లో దిగుతారు. చివర్లో రూల్ 5 డ్రాఫ్ట్. పక్క జట్టు తన 40 మంది జాబితాలో చేర్చి కాపాడుకోని కుర్రాణ్ణి లక్ష డాలర్లకి తీసుకోవచ్చు, కాకపోతే మరుసటి సీజన్ అంతా పెద్ద జట్టులోనే ఉంచాలి. 1954లో బ్రూక్లిన్ డాడ్జర్స్ ఇలా కాపాడుకోక వదులుకున్న కుర్రాడే రాబర్టో క్లెమెంటే. పిట్స్‌బర్గ్ తీసుకుంది, తర్వాత అతను 3000 హిట్లు కొట్టాడు.

జనవరి, ఫిబ్రవరిల్లో జీతాల పంచాయితీ (ఆర్బిట్రేషన్) విచారణలు. ఫిబ్రవరి మధ్యలో అరిజోనా, ఫ్లోరిడాల్లో శిక్షణ శిబిరాలు. ఇంకో తేదీ కూడా ఎర్ర ఇంకుతో రాసుకోండి: యజమానులకీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య ఇప్పుడున్న ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1. గతసారి ఒప్పందం ముగిసినప్పుడు 2021 డిసెంబర్ 2 నుంచి 99 రోజులు యజమానులు లీగ్‌కి తాళం వేశారు (లాకౌట్), పెద్ద లీగ్ కాంట్రాక్టు ఒక్కటీ సంతకం కాలేదు.

3. ఆటగాడి గడియారం నేర్చుకోండి

మిగతావన్నీ మర్చిపోయినా ఫరవాలేదు, ఇది మాత్రం వంటబట్టాలి.

పెద్ద లీగ్‌లో ఉన్న ప్రతి రోజూ ఆటగాడి ఖాతాలో 'సర్వీస్ టైమ్'గా జమవుతుంది. 172 రోజులైతే ఒక ఏడాది. మొదటి 3 ఏళ్ళు జీతం దాదాపు జట్టు ఇష్టం. కనీస జీతం 2026లో 7 లక్షల 80 వేల డాలర్లు, చాలామందికి దానికి దగ్గర్లోనే ఇస్తారు. తర్వాతి 3 ఏళ్ళు 'ఆర్బిట్రేషన్': ఆటగాడు ఒక అంకె, జట్టు ఒక అంకె చెబుతాయి, కుదరకపోతే ముగ్గురు మధ్యవర్తులు రెండిట్లో ఒకటి ఎంచుకుంటారు. మధ్యేమార్గం ఉండదు. 6 ఏళ్ళు నిండాక స్వేచ్ఛ.

అంటే ఒక కుర్రాడు స్టార్ అయిన మొదటి మూడేళ్ళూ జట్టుకి బంగారు గని. కోట్ల విలువైన ఆట లక్షల్లో దొరుకుతుంది. అలా మిగిలిన డబ్బుతోనే సీగర్ లాంటి వాళ్ళని కొంటారు. ఈ గడియారాన్ని జట్లు ఎంత జాగ్రత్తగా చూసుకుంటాయో క్రిస్ బ్రయంట్ కథ చెబుతుంది. 2015లో కబ్స్ అతన్ని సీజన్ మొదలయ్యాక కొద్ది రోజులు ఆపి, ఏప్రిల్ 17న పైకి తెచ్చారు. ఏడాది చివర్లో లెక్క చూస్తే 171 రోజులు. ఒక్క రోజు తక్కువ! ఆ ఒక్క రోజుతో అతని స్వేచ్ఛ 2020 నుంచి 2021కి జరిగింది. ఫిర్యాదు చేశాడు, ఓడిపోయాడు. 2022 ఒప్పందంలో దీనికి కొంత మందు వేశారు: అర్హత ఉన్న కొత్త ఆటగాడు 'రూకీ ఆఫ్ ది ఇయర్' ఓటింగులో మొదటి రెండు స్థానాల్లో నిలిస్తే పూర్తి ఏడాది జమ చేస్తారు. 2024 మే నెలలో వచ్చిన పాల్ స్కీన్స్‌కి అలాగే దక్కింది.

మా వీధిలో ఉండే ఒక తమ్ముడు 2025 నవంబర్‌లో బాధగా అడిగాడు: "అన్నా, గార్సియాని ఎలా వదిలేశారు? కప్పు తెచ్చిందే వాడు కదా!" నిజమే. 2023లో అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్‌లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అతనే. అయితే ఆర్బిట్రేషన్‌లో ఉన్న ఆటగాడి జీతం ఏటా పెరుగుతూ పోతుంది. అతని వయసు 32, ఆట రెండేళ్ళుగా తగ్గుతోంది. వచ్చే ఏడాది జీతానికి అతని ఆట సరిపోదని జట్టుకి అనిపిస్తే కాంట్రాక్టే ఇవ్వకుండా వదిలేయొచ్చు. నాన్-టెండర్ అంటే అదే. అదే రోజు క్యాచర్ జోనా హైమ్‌ని కూడా వదిలేశారు. మనసుకి కష్టంగానే ఉంటుంది, నాకూ ఉంది. కానీ నవంబర్‌లో ఈ జాబితా చూస్తే ఆ జట్టు దగ్గర ఎంత డబ్బుందో, ఏ స్థానాలు ఖాళీ అయ్యాయో ఒక్కసారిగా తెలిసిపోతుంది.

4. ఒక జట్టు ఎంచుకుని ఒక పేజీ రాయండి

30 జట్లనీ పట్టుకోవాలని చూడకండి. ఒక్కటి తీసుకోండి. నేను రూళ్ళ నోట్‌బుక్‌ని అడ్డంగా తిప్పి, పైన ఏళ్ళు రాస్తాను, ఎడమ వైపు స్థానాలు రాస్తాను: క్యాచర్, షార్ట్‌స్టాప్, సెంటర్ ఫీల్డ్, అయిదుగురు స్టార్టింగ్ పిచ్చర్లు, ఇలా. ప్రతి గడిలో ఆ ఏడాది ఆ స్థానంలో ఉండేవాడి పేరు, వయసు. పేరు పక్కన కాంట్రాక్టు ఉంటే 'కా', ఆర్బిట్రేషన్ అయితే 'ఆ', కనీస జీతమైతే 'క'. హక్కు ఎక్కడ ముగుస్తుందో అక్కడ నిలువు గీత. అంతే.

2021 నవంబర్‌లో రేంజర్స్ పేజీ ఇలా ఉంది. ఆ ఏడాది 102 ఆటలు ఓడారు. షార్ట్‌స్టాప్, రెండో బేస్ గడుల్లో నమ్మకమైన పేరు లేదు. కాంట్రాక్టులు దాదాపు ఖాళీ, అంటే డబ్బు ఉంది. కింద నారుమడిలో 2019 డ్రాఫ్ట్‌లో తెచ్చుకున్న జాష్ జంగ్, 2020 డ్రాఫ్ట్‌లో తెచ్చుకున్న కార్టర్ ఎదుగుతున్నారు. వాళ్ళు 2023 చుట్టుపక్కల చేతికొస్తారు. తాళం పడబోయే ముందు మూడు నాలుగు రోజుల్లో రేంజర్స్ రెండో బేస్ ఆడే మార్కస్ సీమియన్‌కి 7 ఏళ్ళకి 17.5 కోట్లు, షార్ట్‌స్టాప్ సీగర్‌కి 10 ఏళ్ళకి 32.5 కోట్ల డాలర్లు రాసిచ్చారు. ఇద్దరికీ కలిపి 50 కోట్లు. 102 ఓటముల జట్టుకి ఇదేం పిచ్చి అన్నవాళ్ళున్నారు. 2022లో మళ్ళీ 94 ఓడారు కూడా. కానీ పేజీ మీద చూస్తే కుర్రాళ్ళ గడులూ, సీగర్ మంచి వయసూ 2023, 2024ల దగ్గర కలుస్తున్నాయి. ఆ తర్వాతి చలికాలం బ్రూస్ బోచీని మేనేజర్‌గా తెచ్చారు, పిచ్చర్లు డిగ్రామ్, ఇయోవాల్డీలని కొన్నారు. 5 ఏళ్ళకి 18.5 కోట్లు తీసుకున్న డిగ్రామ్ 2023లో 6 ఆటలే ఆడి మోచేతి ఆపరేషన్‌కి వెళ్ళాడు. 2 ఏళ్ళకి 3.4 కోట్లకి వచ్చిన ఇయోవాల్డీ కప్పు గెలిచిన రాత్రి బంతి వేశాడు.

మీ పేజీలో ఖాళీ గడులు ఎక్కడున్నాయో చూస్తే ఆ జట్టు చలికాలంలో దేనికోసం వెతుకుతుందో ముందే చెప్పగలరు.

5. సంతకం వార్త వస్తే మొత్తం అంకె దగ్గర ఆగిపోకండి

మొత్తాన్ని ఏళ్ళతో భాగించండి. చివరి ఏడాదికి ఆటగాడి వయసెంతో రాయండి. ఆ తర్వాత షరతులు చూడండి: మధ్యలో వెళ్ళిపోయే 'ఆప్ట్-అవుట్' ఉందా, ట్రేడ్‌ని కాదనే హక్కు ఉందా, డబ్బు ఎప్పుడిస్తారు?

ఈ చివరి ప్రశ్నకి షోహే ఓటానీ కాంట్రాక్టే పాఠం. 2023 డిసెంబర్‌లో డాడ్జర్స్‌తో 10 ఏళ్ళకి 70 కోట్ల డాలర్లు. కానీ ఏటా తీసుకునేది 20 లక్షలే. మిగతా 68 కోట్లు 2034 నుంచి 2043 దాకా వడ్డీ లేకుండా ఇస్తారు. ఇరవయ్యేళ్ళ తర్వాత చేతికొచ్చే రూపాయి ఇవాళ్టి రూపాయి కాదని మన ఇళ్ళలో చీటీ పాడుకునే ప్రతి ఒక్కరికీ తెలుసు. అందుకే పన్ను లెక్కలో అది ఏడాదికి 7 కోట్లు కాకుండా దాదాపు 4.6 కోట్లుగానే పడుతుంది. హ్వాన్ సోటో 2024 డిసెంబర్‌లో మెట్స్‌తో రాసుకున్న 15 ఏళ్ళ 76.5 కోట్లలో వాయిదా డబ్బు ఒక్క డాలరూ లేదు. రెండు అంకెలూ చూడ్డానికి దగ్గరే, విలువలో మాత్రం చాలా తేడా.

పన్ను అన్నాను కదా. జట్టు మొత్తం జీతాలు ఒక గీత దాటితే లగ్జరీ ట్యాక్స్ పడుతుంది. 2026లో ఆ గీత 24.4 కోట్ల డాలర్లు. మొదటి ఏడాది దాటితే పైబడిన దాని మీద 20 శాతం, వరసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. గీతకి 6 కోట్లు పైన వెళితే ఇంకో 60 శాతం కలుస్తుంది. అంటే వరసగా దాటుతూ వస్తున్న జట్టుకి ఆ ఎత్తులో ఒక డాలరు ఆటగాడు రెండు డాలర్ల పది సెంట్లకి పడతాడు. కాబట్టి మీ జట్టు పేజీ అడుగున ఈ గీతకి ఎంత దూరంలో ఉందో రాసి పెట్టుకోండి.

జపాన్ నుంచి వచ్చేవాళ్ళకి ఇంకో ఖర్చు కలుస్తుంది, పాత జట్టుకి కట్టే రుసుము. మొదటి 2.5 కోట్ల మీద 20 శాతం, తర్వాతి 2.5 కోట్ల మీద 17.5, మిగతా దాని మీద 15. జపాన్ పిచ్చర్ యమమోటోకి డాడ్జర్స్ రాసిన 32.5 కోట్ల మీద వేసి చూడండి: 50 లక్షలు, 43.75 లక్షలు, 4.125 కోట్లు. కలిపితే 5 కోట్ల పైచిలుకు. అది అతని పాత జట్టు ఓరిక్స్‌కి వెళ్ళింది.

పిచ్చర్ల దీర్ఘ కాంట్రాక్టులంటే నాకు భయం, దాచుకోను. 2019 వరల్డ్ సిరీస్ ఎంవీపీ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ ఆ డిసెంబర్‌లోనే వాషింగ్టన్‌తో 7 ఏళ్ళకి 24.5 కోట్లు రాసుకున్నాడు. ఆ తర్వాత గాయాలతో అతను వేసినవి 8 ఆటలే.

6. ట్రేడ్‌ని తూచడం

ట్రేడ్‌లో మనం కొంటున్నది ఆటగాణ్ణి కాదు, ఆటగాడి మీద మిగిలిన ఏళ్ళని. సోటోనే చూడండి. 2022 ఆగస్టులో వాషింగ్టన్ అతన్ని శాన్ డియేగోకి పంపినప్పుడు అతని మీద ఇంకా రెండున్నర సీజన్ల హక్కు ఉంది. అందుకే ఏబ్రమ్స్, గోర్, జేమ్స్ వుడ్ సహా మంచి కుర్రాళ్ళ గుంపే వచ్చింది. ఆ ముగ్గురూ తర్వాత ఆల్-స్టార్లయ్యారు. 2023 డిసెంబర్‌లో శాన్ డియేగో అతన్ని యాంకీస్‌కి పంపేటప్పటికి మిగిలింది ఒక్క ఏడాది. వచ్చినవాళ్ళలో మైకేల్ కింగ్ అనే పిచ్చర్ బాగా రాణించాడు, కానీ ఆ మొదటి ట్రేడ్ స్థాయి కాదు. ఎండలో మంచుగడ్డ కరిగినట్టు ట్రేడ్ విలువ కరుగుతుంది. అందుకే ఓడే జట్లు తమ స్టార్‌ని రెండేళ్ళ ముందే అమ్ముకోవాలి. 2024లో 121 ఆటలు ఓడిన వైట్ సాక్స్ గ్యారెట్ క్రోషేని రెండేళ్ళ హక్కు ఉండగానే బోస్టన్‌కి పంపి నలుగురు కుర్రాళ్ళని తెచ్చుకుంది. మంచి పనే చేసింది.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో అదే బోస్టన్ 2020 ఫిబ్రవరిలో చూపించింది. ఒక్క ఏడాది హక్కే మిగిలిన మూకీ బెట్స్‌తోపాటు డేవిడ్ ప్రైస్ భారీ జీతాన్ని కూడా డాడ్జర్స్‌కి అంటగట్టారు. జీతం భారాన్ని కలిపితే వచ్చే కుర్రాళ్ళ నాణ్యత తగ్గక తప్పదు. వచ్చింది వెర్డుగో, డౌన్స్, వాంగ్. డాడ్జర్స్ ఆ జూలైలోనే బెట్స్‌కి 12 ఏళ్ళకి 36.5 కోట్లు రాసిచ్చి, ఆ ఏడాదే కప్పు గెలిచారు.

ఇంకొకటి. వార్తలో చివర ఉన్న పేరు కూడా రాసుకోండి. సోటోతోపాటు యాంకీస్‌కి కొసరుగా వెళ్ళిన ట్రెంట్ గ్రిషమ్‌ని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. సోటో ఏడాదికే మెట్స్‌కి వెళ్ళిపోయాడు. గ్రిషమ్ 2025లో 34 హోమ్ రన్లు కొట్టి, యాంకీస్ ఇచ్చిన క్వాలిఫయింగ్ ఆఫర్ తీసుకుని అక్కడే ఉన్నాడు.

7. గాలివార్తలకి గేటు వేయండి

2023 డిసెంబర్ 8న ఓటానీ టొరంటోకి విమానంలో వెళుతున్నాడని వార్త పాకింది. వేలమంది ఆ విమానాన్ని ఫోన్లలో గీతలా చూస్తూ కూర్చున్నారు. నేనూ ఆఫీసు పని పక్కన పెట్టి చూశాను. దిగినవాడు వేరే మనిషి. మర్నాడు ఓటానీ తన ఇన్‌స్టాగ్రామ్‌లో డాడ్జర్స్ పేరు ప్రకటించాడు.

'ఆసక్తి చూపుతున్నారు' అంటే ఏమీ లేనట్టే లెక్క. తరచుగా అది ధర పెంచడానికి ఏజెంట్ వైపు నుంచి వచ్చే మాట. 'ఒప్పందం కుదిరింది' అంటే పెన్సిల్‌తో రాయండి. వైద్య పరీక్ష అయి జట్టు ప్రకటించాకే పెన్ను తీయండి. ఇల్లు అలకగానే పండగ కాదు. 2022 డిసెంబర్‌లో కార్లోస్ కొరియాకి శాన్ ఫ్రాన్సిస్కో 13 ఏళ్ళకి 35 కోట్లు ఒప్పుకుంది. పరిచయ సభ ఉన్న రోజే చీలమండ పాత గాయం చూసి ఆపేసింది. మెట్స్ 12 ఏళ్ళకి 31.5 కోట్లన్నారు, వాళ్ళ డాక్టర్లూ ఆగారు. చివరికి జనవరిలో మినెసోటాతో 6 ఏళ్ళకి 20 కోట్ల దగ్గర సంతకం అయింది. నా నోట్‌బుక్‌లో ఆ పేజీ మీద రెండుసార్లు చెరిపిన మరక ఇంకా ఉంది.

8. తీర్పుకి తేదీ వేసుకోండి

సంతకం రోజున ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అని మార్కులు వేయడం సరదాగా ఉంటుంది, తప్పు కూడా అవుతుంది. దానికి బదులు, ప్రతి పెద్ద డీల్ పక్కన దాన్ని మళ్ళీ చూడాల్సిన ఏడాది రాయండి. సీగర్, సీమియన్‌ల పక్కన నేను 2024 అని రాసుకున్నాను. కప్పు 2023లోనే వచ్చేసింది.

2025 నవంబర్‌లో రేంజర్స్ ఆ సీమియన్‌ని మెట్స్‌కి పంపి బ్రాండన్ నిమ్మోని తెచ్చుకున్నారు. ట్రేడ్ కాదనే హక్కున్న నిమ్మో దాన్ని వదులుకుని ఒప్పుకున్నాడు. ఇద్దరినీ పక్కపక్కన రాశాను. సీమియన్‌కి 35 ఏళ్ళు, కాంట్రాక్టు ఇంకా 3 ఏళ్ళు, 2028 దాకా. నిమ్మోకి 32 ఏళ్ళు, ఇంకా 5 ఏళ్ళు, 2030 దాకా. ఒకరికి వయసు భారం, ఇంకొకరికి ఏళ్ళ భారం. సీమియన్ గడి ఖాళీ అయింది కాబట్టి రెండో బేస్ వరసలో ప్రశ్నార్థకం పెట్టాను. ఔట్‌ఫీల్డ్ వరసలో కార్టర్ పక్కన నిమ్మో పేరు చేరింది. తీర్పు గడిలో మాత్రం 2028 అని రాసి ఖాళీ వదిలాను.